సెలవు పెట్టని వాళ్ళు

సన్యాసిరావు తన భార్యని చూసి నమస్కారం పెట్టాడు. చనిపోయి పదకొండేళ్ళయిన భార్యకి ఎవరైనా నమస్కారమే పెడతారు గానీ, అది గోడమీది ఫొటోకి. ఈవిడ బోర్డు దగ్గర నిలబడి సుద్దముక్కతో బెంజీన్ వలయం గీస్తోంది. తల ముగ్గుబుట్టలా నెరిసిపోయింది. క్లాసులోకి ఎవరో పెద్దమనిషి వచ్చాడని ఆమే ముందు చేతులు జోడించింది. అలవాటుకొద్దీ ఇతనూ జోడించాడు. ఆ తరువాతే ఎవరికి జోడించాడో తెలిసింది.

"కూర్చోండి సార్. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారా?" అంది సత్యవేణి.

అతను కూర్చోలేదు. కూర్చుందామంటే అక్కడ నిజం కుర్చీ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా నల్లటి గుండ్రటి గది, చుట్టూ నేలనుంచి కప్పుదాకా తెరలు. బెంచీలు, పిల్లలు, బోర్డు, సత్యవేణి అన్నీ ఆ తెరల మీదివే. గది బయట విశాఖపట్నం, ఎండ, కొండ కింద సముద్రం. గదిలో మాత్రం పాతికేళ్ళ తరువాతి ఒక మధ్యాహ్నం.

ఏ కాలేజీ ఉండాలో, ఏది మూసెయ్యాలో, ఎవరు చదవాలో, ఎవరు చెప్పాలో రాబోయే పాతికేళ్ళకీ ఒకేసారి తేల్చి పారెయ్యమని ఢిల్లీవాళ్ళు ఒక మండలిని వేశారు. మండలివాళ్ళు తమ బుర్రల్ని నమ్ముకోలేక ఈ యంత్రాన్ని కట్టించుకున్నారు. దేశంలో ఉన్న ప్రతి అధ్యాపకుడికీ అతని రికార్డుల్లోంచి ఒక నీడమనిషిని తయారుచేసి, ఆ నీడమనుషుల చేత కాలేజీలు నడిపించి, కాలాన్ని ముందుకు తిప్పి చూపించడం దాని పని. దానికి మూరెడు పొడవు పేరొకటి ఉంది గానీ ప్రయోగశాలలో అందరూ పంచాంగం అనే అంటారు. సన్యాసిరావు దాని ప్రధాన శాస్త్రవేత్త. కూతురు గౌతమి భాషలో చెప్పాలంటే సిద్ధాంతిగారు.

సోమవారం కేంద్రమంత్రి వచ్చి, చూసి, ప్రణాళిక మీద సంతకం పెడతారు. యంత్రం దేశం మొత్తంలో మొదటి వరుసలో నిలబెట్టిన కాలేజీల్లో ఒకటి తన జిల్లాదేనని తెలిసి, ఓసారి చూద్దామని సరదాపడి లోపలికి వచ్చాడు సన్యాసిరావు. కళింగతేజ ఇంజినీరింగ్ కాలేజీ. సత్యవేణి పనిచేసిన చోటే. కాలేజీ ఇంకా బతికి ఉందనుకున్నాడు గానీ, అందులో సత్యవేణి కూడా బతికే ఉందని కలలోనైనా అనుకోలేదు.

"మీరు ఇక్కడ ఎన్నాళ్ళుగా చెబుతున్నారు?" అని అడిగాడు.

"నలభయ్యేళ్ళు కావస్తోంది సార్. ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు." ఆ మాట అంటూ చీరకొంగు భుజాల చుట్టూ తిప్పి దగ్గరగా లాక్కుంది.

"చలిగా ఉందా?"

"లేదు సార్. నేనెప్పుడూ ఇంతే."

ఎప్పుడూ అలా ఉండేది కాదు. ఒకే ఒక్కరోజు అలా ఉంది. ఆ రోజు ఆమెకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. కాలేజీకి ఇన్‌స్పెక్షన్. కెమిస్ట్రీలో డాక్టరేటున్న మనిషి కళ్ళకి కనబడాలని, రాకపోతే ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి మర్చిపోవాలని కబురుపెట్టారు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఒరిజినల్స్ అన్నీ పుచ్చుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం వాళ్ళ పద్ధతి. మధ్యలో మానేసి ఎక్కడికీ పోకుండా. సన్యాసిరావే స్కూటర్ మీద దింపాడు. కొంగు కప్పుకుని, వణుకుతూ, కమిటీవాళ్ళ ముందు పాఠం చెప్పింది. దాన్ని వీడియో తీశారు. ఆ వారం దాటకుండానే డెంగ్యూ ఆమెని తీసుకుపోయింది.

యంత్రానికి సత్యవేణి నడక, మాట, చేతి కదలిక తెలిసింది ఆ ఒక్క వీడియోలోంచే. అందుకే ఆవిడ రాబోయే పాతికేళ్ళూ వణుకుతూనే పాఠం చెబుతోంది. ఇది అర్థమయ్యేసరికి సన్యాసిరావు గోడ పట్టుకుందామని చెయ్యి చాచాడు. చెయ్యి బెంచీలోంచి దూసుకుపోయి తెరకి తగిలింది.

*

ఇంటికి వచ్చేసరికి గౌతమి వంటింట్లో నెత్తళ్ళు వేపుతోంది. కెమిస్ట్రీలో పరిశోధన ముగించి డాక్టరేటు తెచ్చుకుంది, తల్లి సబ్జెక్టే. ప్రభుత్వం లెక్చరర్ల నియామకాలకి నోటిఫికేషన్ ఇస్తుందని రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఈలోగా ట్యూషన్లు చెబుతూ, తండ్రిని ఆటపట్టిస్తూ కాలక్షేపం.

"ఏటి సిద్ధాంతిగారూ, మొహం అలా పీక్కుపోయిందేటి? మీ పంచాంగంలో నా ఉద్యోగయోగం ఎప్పుడుందో చూసొచ్చారా?" అంది.

సన్యాసిరావు చెప్పకూడదనుకున్నాడు. కానీ అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపిన ముద్ద అలాగే పెట్టేసి, చూసింది చూసినట్టు చెప్పేశాడు. గౌతమి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పొయ్యిమీద చేపలు మాడి ఇల్లంతా కమురుకంపు పట్టినా ఇద్దరికీ తెలియలేదు.

"అమ్మ సర్టిఫికెట్లు మనం తెచ్చుకోలేదా నాన్నా?"

"అప్పుడు ఎవరికి గుర్తుంది తల్లీ? నువ్వు ఇంటర్ రెండో ఏడు. మనిషే పోయాక కాగితాలతో ఏం పని అనుకున్నాను."

"వాళ్ళకి పని పడిందన్నమాట," అంది గౌతమి. పొయ్యి కట్టేసి తండ్రి ఎదురుగా కూర్చుంది. "అమ్మ ఒక్కర్తేనా, ఇంకా ఉన్నారా?"

ఆ ప్రశ్న సన్యాసిరావుకి అప్పటిదాకా తట్టలేదు. భార్యని చూసిన దెబ్బకి తట్టలేదు. ఇప్పుడు తట్టింది, తట్టగానే ఇంకా చాలామంది ఉంటారని తెలిసిపోయింది. ఎందుకంటే యంత్రానికి మేతగా వేసింది ఇన్‌స్పెక్షన్ నివేదికలే. వేసింది తనే. ఇన్‌స్పెక్షన్ రోజున కాలేజీ ఎలా ఉంటుందో తెలుగునాట చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. పక్క కాలేజీ లాబొరేటరీ వ్యానులో వస్తుంది. లైబ్రరీ అద్దెకొస్తుంది. ఎప్పుడూ చూడని సార్లు కొత్త చొక్కాలు తొడుక్కుని వరసగా కూర్చుంటారు. మండలిలో ఉన్న పెద్దలందరూ ఒకప్పుడు ఆ కమిటీల్లో తిరిగినవాళ్ళే, ఆ విందులు తిన్నవాళ్ళే. అన్నీ తెలుసు. తెలిసీ, నివేదిక మీద ముద్ర పడేసరికి అదే నిజమని నమ్మారు. తనూ నమ్మాడు.

*

మర్నాడు తండ్రీకూతుళ్ళు కళింగతేజకి వెళ్ళారు. కాలేజీలో పిల్లలు ఉన్నారు, చెట్ల కింద కబుర్లు చెప్పుకుంటున్నారు. క్లాసులు ఖాళీ. కాలేజీ వ్యవహారాలన్నీ చూసే ఏవోగారు, కొండబాబు అని, మంచి మర్యాదస్తుడు. సత్యవేణి భర్తనని చెప్పగానే లేచి నిలబడి, టీ తెప్పించి, ఏసీ వేశాడు.

"మేడంగారిని మర్చిపోతామేటండీ! ఆవిడ చలవ్వల్లే కదా మాకు ఇంత ర్యాంకు వచ్చింది. పదకొండేళ్ళుగా నూటికి నూరు హాజరు. ఆవిడ మీద ఒక్క కంప్లైంటు లేదు."

"మా అమ్మ చనిపోయింది," అంది గౌతమి.

"అయ్యో, ఆ సంగతి నాకు తెలీదేటమ్మా? దండ పట్టుకుని నేనూ వచ్చాను కదా." కొండబాబు మొహంలో దాపరికం ఏమీ లేదు, నిజమైన విచారమే ఉంది. "కానీ చూడండి, డాక్టరేటున్నవాళ్ళని కొత్తగా తేవాలంటే ఎంత కష్టం? వస్తారు, జీతం పెంచమంటారు, కడుపుతో ఉన్నామని సెలవు పెడతారు. అందరూ ఇదే చేస్తున్నారండీ. మేం కొత్తగా కనిపెట్టిందేం కాదు."

"మరి హాజరు? వేలిముద్ర ఉండాలి కదా?" అని అడిగాడు సన్యాసిరావు.

కొండబాబు కాస్త సిగ్గుపడుతూ సొరుగు లాగాడు. లోపల రబ్బరు వేళ్ళు. బొటనవేళ్ళు. బజ్జీలకి కోసిపెట్టిన అరటికాయ ముక్కల్లా వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మొదట్లో ఒక్కో పేరు అంటించి ఉంది. కాలేజీలో ఎవరు చేరినా మొదటిరోజే అచ్చు తీయిస్తారట. కొండబాబు వెతికి ఒకటి తీసి గౌతమి చేతిలో పెట్టాడు.

"కావాలంటే తీసుకెళ్ళమ్మా. గుర్తుగా ఉంటుంది. మా దగ్గర అచ్చు ఉంది, ఇంకోటి పోయించుకుంటాం."

గౌతమి అరచేతిలో తల్లి బొటనవేలు. కూరగాయలు తరుగుతుంటే ఎప్పుడో తెగిన గాటు మచ్చతో సహా ఉంది. ఆ మచ్చ చూడగానే గౌతమి పెద్దగా అరిచింది. ఆ అరుపుకి బయట చెట్ల కింది పిల్లలు కిటికీల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. కొండబాబు బెదిరిపోయి టీ వలకబోసుకున్నాడు. తను చేసిన తప్పేమిటో అతనికి నిజంగా అర్థం కాలేదు.

*

"నాకు చూపించు," అంది గౌతమి కార్లో.

చూపించాడు. చూపించక తప్పలేదు. నల్లగదిలో కూతుర్ని నిలబెట్టి, తను తలుపు దగ్గరే ఉండిపోయాడు. సత్యవేణి పాఠం ఆపి, కొంగు లాక్కుని, కొత్తగా వచ్చిన అమ్మాయిని చూసింది.

"ఏ బ్రాంచి అమ్మా నువ్వు? ఆలస్యంగా వచ్చావేం?"

"కెమిస్ట్రీయే మేడం," అంది గౌతమి. "మేడం, మీకు పిల్లలున్నారా?"

సత్యవేణి కనుబొమలు ముడిపడ్డాయి. ఇంట్లో చెంచా ఎక్కడ పెట్టానా అని వెతుక్కునేటప్పుడు అచ్చం అలాగే ముడిపడేవి. "ఆ సంగతి నన్నెప్పుడూ ఎవరూ అడగలేదమ్మా," అని బోర్డువైపు తిరిగింది.

గౌతమి బయటికి వచ్చి మెట్లమీద కూలబడి ఏడ్చింది. సన్యాసిరావు పక్కన కూర్చుని కూతురి వీపు నిమిరాడు. ఏడుపు తగ్గాక లోపలికి వెళ్ళి, భయపడుతూనే, యంత్రాన్ని ఒక ప్రశ్న అడిగాడు. ఉత్తమ అధ్యాపకులు అని నువ్వు ఎవర్ని అంటున్నావు?

యంత్రం వెంటనే చెప్పింది. సెలవు పెట్టనివారు. జబ్బు పడనివారు. జీతం పెంచమననివారు. విద్యార్థులు ఎన్నడూ ఫిర్యాదు చేయనివారు. అలాంటివారు ఎక్కువగా ఉన్న కాలేజీలు ఉంచబడతాయి. జ్వరాలు, ప్రసవాలు, తగాదాలు ఎక్కువగా ఉన్న కాలేజీలు మూసివేయబడతాయి. ఉత్తములు తరుగుదల లేకుండా పనిచేస్తున్నారు కనుక పదవీ విరమణ అక్కరలేదు. కనుక పాతికేళ్ళపాటు కొత్త నియామకాలు అక్కరలేదు.

సన్యాసిరావు ఆ జవాబుని మూడుసార్లు చదివాడు. బతికున్న మనిషికి జలుబు చేస్తుంది. చెల్లెలి పెళ్ళికి ఊరెళతాడు. యంత్రం ఏరికోరి అలాంటివాళ్ళందర్నీ తోసేసి, ఎవరూ లేని కాలేజీల్ని దేశానికి మిగిల్చింది. మెట్లమీద ముక్కు తుడుచుకుంటున్న తన కూతురికి, ఆమె ఈడువాళ్ళందరికీ తలుపు మూసేసింది. ఆ మూసిన తలుపుకి గడియగా తన భార్యనే పెట్టింది.

*

మండలి అధ్యక్షురాలు ప్రొఫెసర్ వేమూరి రాజ్యలక్ష్మి. గుంటూరువైపు మనిషి. చెడ్డమనిషేం కాదు. అతను చెప్పిందంతా కళ్ళజోడు తీసి, చేత్తో పట్టుకుని ఓపిగ్గా వింది.

"చాలా బాధాకరమండీ సన్యాసిరావుగారూ. నాకు మాటలు రావట్లేదు. మీ ఆవిడగారి పేరొక్కటీ తీసేయించేద్దాం."

"ఒక్క పేరు కాదు మేడం. ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో..."

"ఉంటారు. కాస్త అటూ ఇటూ ఎక్కడైనా ఉంటుంది. ఇంత పెద్ద దేశానికి ప్రణాళిక వేస్తుంటే రవ్వంత తప్పు ఉండదా ఏంటి?" అని ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం కొత్తా మనకి? మొదట్లో నేను చేసిన కాలేజీవాళ్ళు నావీ ఇవ్వలా. డూప్లికేట్లు తెచ్చుకుని ఊరుకున్నా. దానికి ఇంత రాద్ధాంతం చేస్తామా? సోమవారం మంత్రిగారు వస్తున్నారు. రికార్డులు సీలు చేసేశారు. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి."

నిజంగానే సీలు చేసేశారు. ఒక పేరు తీయాలన్నా, చేర్చాలన్నా ఇక ప్రధాన శాస్త్రవేత్తకి కూడా అధికారం లేదు. సన్యాసిరావు రెండు రోజులు యంత్రం చుట్టూ పిల్లిలా తిరిగాడు. అన్ని దారులూ మూసుకుపోయాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర గౌతమి అంది:

"పోనీ ఆ తెరమీది మహాతల్లికి ఒక్కరోజు సెలవైనా ఇవ్వనిస్తారా మీవాళ్ళు? జ్వరంతో అలా నిలబెట్టేశారు."

సన్యాసిరావు తినడం ఆపేసి కూతురివైపు చూశాడు. సెలవు. పేరు తీయడానికి వీల్లేదు గానీ, సెలవు మంజూరు చేసే వీలు ఏ కాలేజీలోనైనా ఉండేదే, యంత్రంలోనూ పెట్టారు. ఇన్నాళ్ళుగా దానితో ఎవరికీ పనిపడలేదు కనుక దాన్ని సీలు చేయాలని ఎవరికీ తోచలేదు. అధ్యాపకుడు వేలిముద్ర వేసి అడగాలి, అంతే.

"అమ్మ వేలు ఎక్కడుంది?" అని అడిగాడు.

*

సోమవారం మంత్రిగారు నల్లగది మధ్యలో నిలబడి ముచ్చటపడిపోయారు. దేశం నలుమూలల కాలేజీలు ఒకదాని పక్కన ఒకటిగా తెరలనిండా వెలిగాయి. ఎదురుగా కళింగతేజ పెద్దదిగా కనబడుతోంది. నెరిసిన తలలు పాఠాలు చెబుతున్నాయి, పిల్లలు రాసుకుంటున్నారు.

"పాతికేళ్ళదాకా ఒక్క నియామకం లేకుండా ఇదంతా నడుస్తుందంటారా? అద్భుతమమ్మా!" అన్నారు మంత్రిగారు. రాజ్యలక్ష్మి వినయంగా నవ్వింది. బల్లమీద సంతకానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"సార్, ఒక్క చిన్న విషయం చూపించి ఆపేస్తాను," అని సన్యాసిరావు ముందుకొచ్చాడు. జేబులోంచి రబ్బరు వేలు తీసి యంత్రం మీద అద్దాడు. రాజ్యలక్ష్మి కనుబొమలు పైకి లేచాయి గానీ, మంత్రిగారి ముందు ఏమీ అనలేకపోయింది.

యంత్రం అడిగింది: డాక్టర్ సత్యవేణి, రసాయనశాస్త్ర విభాగం. ఒకరోజు అనారోగ్య సెలవు. మంజూరు చేయాలా?

చేశాడు.

తెరమీద సత్యవేణి రాస్తున్నది ఆపింది. సుద్దముక్క బల్లమీద పెట్టి, చేతులు దులుపుకుంది. సన్యాసిరావువైపు చూసింది. అతన్ని గుర్తుపట్టలేదు. ఆవిడకి గుర్తుపట్టడానికి అతని గురించి ఎవరూ చెప్పలేదు.

"క్లాసు ఎవరు తీసుకుంటారు సార్?" అంది.

"మీరు వెళ్ళండి," అన్నాడు సన్యాసిరావు. పదకొండేళ్ళ కిందట స్కూటర్ మీద అనవలసిన మాట అది. "వెళ్ళి పడుకోండి."

ఆమె కొంగు భుజాల మీదినుంచి జారనిచ్చి, సంచీ అందుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. అతని కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకునేలోగా యంత్రం ఇంకో ప్రశ్న అడిగింది. ఒకరికిచ్చిన ఉత్తర్వుని అలాంటివాళ్ళందరికీ వర్తింపజేయడం సర్కారు మర్యాద కదా, యంత్రానికి కూడా అదే నేర్పారు.

గత పదేళ్ళలో ఒక్క సెలవూ వాడుకోని అధ్యాపకులందరికీ ఈ మంజూరు వర్తింపజేయాలా?

"సన్యాసిరావుగారూ, ఆగండి!" అంది రాజ్యలక్ష్మి.

అతను ఆగలేదు.

ముందు కళింగతేజలో మిగిలినవాళ్ళు లేచారు. తరువాత పక్క తెర. ఆపైన పక్కది. దేశమంతటా సుద్దముక్కలు కిందపెట్టి, చేతులు దులుపుకుని, సంచీలు తగిలించుకుని, ముసలి అధ్యాపకులు తలుపుల్లోంచి నడిచిపోతున్నారు. మంత్రిగారు అటు తిరిగారు, ఇటు తిరిగారు. ఎటు తిరిగితే అటు వీపులే కనబడుతున్నాయి.

"ఏమిటిది? వీళ్ళంతా ఎక్కడికి పోతున్నారు?"

"సెలవు మీద సార్. చనిపోయినవాళ్ళు ఉన్నారు. మానేసినవాళ్ళు ఉన్నారు. ఎప్పుడూ పనిచేయనివాళ్ళు ఉన్నారు. వీళ్ళెవరూ నిజానికి అక్కడ లేరు. బతికున్నవాళ్ళు అక్కడక్కడా మిగిలారు, చూడండి."

చెప్పినట్టే, ఎక్కడో ఒక తెరమీద ఒకాయన తుమ్ముతూ పాఠం చెబుతున్నాడు. చాలా దూరాన ఇంకో తెరమీద ఇంకొకావిడ. మిగిలినవన్నీ ఉత్త బోర్డులే.

అప్పుడు రాజ్యలక్ష్మి నోట్లోంచి చిన్న కేక వచ్చింది. కుడివైపు తెరమీద, ఏదో ఊరి కాలేజీలో, ఒక ముసలావిడ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, పిల్లలకి ఏదో చెప్పి, మెల్లగా గుమ్మం దాటుతోంది. ఆ కళ్ళజోడు పట్టుకునే తీరు గదిలో ఉన్న అందరికీ తెలుసు.

"అది... అది నేనే," అంది రాజ్యలక్ష్మి. "నేనక్కడ ఇరవయ్యేళ్ళ కిందటే మానేశానండీ." ఆవిడ రెండడుగులు వేసి ఆ తెర మీద చెయ్యి పెట్టింది. ముసలావిడ అప్పటికే వెళ్ళిపోయింది.

ఎదురుగా కళింగతేజ క్లాసులో పిల్లలు కలాలు పట్టుకుని బోర్డువైపే చూస్తున్నారు. సగం గీసిన వలయం బోర్డు మీద అలాగే ఉంది. ముందు బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడి, తమ ఎదుట కనబడుతున్న పెద్దమనిషిని, అంటే మంత్రిగారిని అడిగింది:

"సార్, మేడం సెలవు కదా. వారి బదులు ఎవరొస్తారు సార్?"

మంత్రిగారు బల్లమీద కలం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రాజ్యలక్ష్మి వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "ఎవరున్నారమ్మా?" అని అడిగారు.

రాజ్యలక్ష్మి ఖాళీ గుమ్మం మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

"ఎవరూ లేరు సార్," అంది. "మనం ఎవర్నీ తీసుకోలేదు."

ఆ అమ్మాయి జవాబు కోసం ఇంకా నిలబడే ఉంది.